పిచ్చుకల పళ్ళెం దగ్గర కాకులు: గుణుపురం నుంచి వచ్చిన ప్రశ్నకి జవాబు

ఒడిశాలోని గుణుపురం నుంచి ఒకమ్మాయి అడిగిన ప్రశ్న ఇది. పెరటి గోడ మీద పళ్ళెంలో నూకలు, చోళ్ళు (రాగులు), మధ్యాహ్నం మిగిలిన అన్నం కలిపి పెడుతున్నారు. మొదట్లో పిచ్చుకలు, గోరింకలు బాగానే వచ్చేవి. రెండు నెలలుగా కాకులు తప్ప ఇంకే పిట్టా వాలడం లేదు. దానికి తోడు మొన్న బట్టలు ఆరేస్తుంటే ఒక కాకి వెనకనుంచి వచ్చి తల మీద తన్నింది. అత్తగారు శాంతి చేయిద్దామంటున్నారు, కాకుల్ని మాత్రం తరమొద్దంటున్నారు. వాళ్ళాయనేమో ఎయిర్‌గన్ కొంటానంటున్నారు. ఏం చెయ్యాలి?

అమ్మా, ముందు సూటిగా చెప్పేస్తాను. అన్నం, గింజలు ఒకే పళ్ళెంలో పెట్టడం ఈరోజే ఆపండి. కాకి మీ గోడ మీదకి వస్తున్నది అన్నం కోసం. ఆ అన్నం గోడకి ఒక చివర, రోజూ ఒకే వేళకి, కాకులు అప్పటికప్పుడు తినేసేటంతే పెట్టండి. గింజలు రెండో చివర, కాకి దూరలేని ఏర్పాటులో పెట్టండి. అదెలాగో కింద రాస్తాను. తల మీద తన్నిన కాకి మీ బట్టల తీగకి దగ్గర్లో ఎక్కడో పిల్లల్ని పెట్టుకుని ఉంది. పిల్లలకి రెక్కలు రాగానే ఆ గొడవ దానంతటదే పోతుంది, మహా అయితే మూడు నాలుగు వారాలు. ఎయిర్‌గన్ మాత్రం వద్దే వద్దు.

నేనుండేది పర్లాకిమిడిలో. హైస్కూల్లో జీవశాస్త్రం చెప్పి రిటైరయ్యాను. మహేంద్రతనయ నదికి దగ్గర్లో ఇల్లు, వెనక దొడ్డి, దొడ్లో ఒక వేప, రెండు కొబ్బరిచెట్లు, ఒక మునగ. 2011 నుంచి పొద్దున్న ఆరింటి నుంచి ఏడింటి దాకా వంటింటి కిటికీ దగ్గర కూర్చుని దొడ్డిగోడ మీదకి ఏ పిట్ట వచ్చింది, ఏం తింది, ఎవరు ఎవర్ని తరిమారు అని నోటుబుక్కులో రాసుకుంటున్నాను. తొమ్మిది పుస్తకాలయ్యాయి. అందులో సగానికి పైగా కాకులే. కాబట్టి చెప్పేది చాలావరకు నా గోడ మీద నేను చూసింది.

మన ఊళ్ళలో కాకులు రెండు రకాలని మీకు తెలిసే ఉంటుంది. మెడ బూడిదరంగులో ఉండేది ఊరకాకి. ఒళ్ళంతా నల్లగా, ముక్కు బండగా, గొంతు బొంగురుగా ఉండేది బొంతకాకి. ఒడియావాళ్ళు డామరా కాఉ అంటారు. పళ్ళెం మీద గుంపుగా పడేది ఊరకాకి. బొంతకాకి ఒంటరిగానో జంటగానో వస్తుంది. మీ బాధ ఊరకాకితోనే అనుకుని రాస్తున్నాను.

అన్నం కోసమే వస్తున్నాయని అంత గట్టిగా ఎందుకు చెప్తున్నానంటే, మొదట్లో నేనూ మీలాగే అన్నీ కలిపి పెట్టేవాణ్ణి. ఒకసారి పట్టుబట్టి ఒక వారం గింజలు మాత్రమే పెట్టాను, తర్వాతి వారం అన్నం మాత్రమే. గింజల వారంలో కాకులు రోజుకి రెండు మూడుసార్లు వచ్చి పళ్ళెంలోకి తొంగిచూసి, నాలుగు నూకలు ఏరుకుని వెళ్ళిపోయేవి. అన్నం వారంలో పళ్ళెం పెట్టి నేను తలుపు వేసుకునేలోగా ఆరేడు వాలేవి. కాకి గింజ తినదని కాదు, తింటుంది. కానీ దానికి ఒక్కొక్క గింజా ఏరుకోవడం గిట్టుబాటు కాదు. అన్నమైతే నోటినిండా కుక్కుకుని ఎగిరిపోవచ్చు. గమనించండి, అన్నం తీసుకెళ్ళే కాకికి ముక్కు కింద గొంతు దగ్గర చిన్న సంచిలా ఉబ్బి ఉంటుంది. నిజంగానే అక్కడ సాగే తిత్తి ఉంటుంది దానికి. అందులో నింపుకుని పిల్లలకైనా పట్టుకెళ్తుంది, లేకపోతే పెంకుల సందులో దాచుకుంటుంది. మా పాత వంటశాల పెంకులు దింపినప్పుడు కింద ఎండిపోయిన రొట్టెముక్కలు, చేపముళ్ళు, ఒక ఎముక దొరికాయి.

మరి రెండు నెలల కిందటి దాకా లేని కాకులు ఇప్పుడెందుకొచ్చాయి? మీరు రాసింది జ్యేష్ఠంలో. అంటే మీ గొడవ మొదలైంది చైత్రం చివర. ఊరకాకులు గూళ్ళు కట్టి పిల్లల్ని లేపేది సరిగ్గా ఆ ఎండల నుంచి తొలివానల దాకా. గూట్లో నాలుగు నోళ్ళు తెరుచుకుని ఉంటే ఆ జంటకి మీ పళ్ళెం అన్నపూర్ణమ్మ ఇల్లు. పిచ్చుకలు రాకపోవడానికి కాకుల భయం ఒక కారణం, నిజమే. కాకి గుడ్లు, పిల్లలు ఎత్తుకుపోతుంది కాబట్టి గూడు పెట్టుకున్న ఏ చిన్నపిట్టా కాకులున్నచోట ధైర్యంగా తిరగదు. కానీ ఇంకో కారణం కూడా ఉంది. పిచ్చుక తను గింజ తిన్నా, పిల్లలకి పెట్టేది మాత్రం పురుగులు. ఈ రోజుల్లో అది మీ గోడ కన్నా గోరింట కంచె, కూరపాదుల చుట్టూ ఎక్కువ తిరుగుతుంది. అంటే కాకులన్నీ మాయమైనా ఈ నెలలో పిచ్చుకలు మునుపటంత గుంపుగా గోడ మీదకి రాకపోవచ్చు. నిరాశపడకండి. పాదుల మీద పురుగుమందు కొట్టడం మానేస్తే వాటికి గింజలకన్నా ఎక్కువ మేలు.

ఇక ఏర్పాటు సంగతి. బజారులో వైరుబుట్టలు, ప్లాస్టిక్ డబ్బాలు చాలా అమ్ముతున్నారు. నేను అవీ ఇవీ ప్రయత్నించి చివరికి కోళ్ళగంప దగ్గర ఆగాను. పిల్లలకోడిని మూసే చిన్న వెదురుగంప మన సంతల్లో దొరుకుతుంది. సందులు రెండు వేళ్ళు పక్కపక్కన పట్టేంత, అంటే మూడు నాలుగు సెంటీమీటర్లు ఉండాలి. సన్నగా ఉంటే అక్కడక్కడా ఒక బద్ద కోసేయండి. నడుమెత్తు బల్ల మీద, మధ్యలో గింజల మూకుడు పెట్టి దాని మీద గంప బోర్లించండి. పాతిక ముప్పై గ్రాముల పిచ్చుక ఆ సందులోంచి సులువుగా దూరుతుంది. దానికి పదింతల బరువుండే కాకి బయటే ఉండిపోతుంది.

రెండు విషయాలు మాత్రం మర్చిపోవద్దు. మూకుడికీ గంప అంచుకీ మధ్య జానెడు ఎడం ఉండాలి, లేకపోతే కాకి ముక్కు పెట్టి లాగేస్తుంది. గంపని బల్లకి తాడుతో కట్టాలి. కట్టకపోతే ఏమవుతుందో నా కళ్ళతో చూశాను. గంప పెట్టిన మూడోరోజు ఒక కాకి దాని చుట్టూ రెండుసార్లు నడిచింది. ముక్కు లోపలికి పెట్టింది, గింజ అందలేదు. వెనక్కి వచ్చి తల పక్కకి వాల్చి కాసేపు చూసింది. తర్వాత గంప అంచుని ముక్కుతో పట్టి తనవైపు లాగింది. గంప జరిగింది. ఇంకా లాగింది. గంప అంచు తగిలి మూకుడు ఒరిగి చోళ్ళు బల్ల మీదికి, బల్ల మీంచి నేలమీదికి జలజలా రాలాయి. అది తాపీగా కిందికి దిగి ఏరుకుంది. మర్నాడు దాని వెనక ఇంకో రెండొచ్చాయి. ఆరోజు సాయంత్రమే నాలుగు మూలలా కట్టేశాను.

కొంతమంది చూరుకి వరికంకుల కుచ్చు వేలాడదీస్తారు, అది కూడా మంచిదే. ఊగుతూ ఉంటే పిచ్చుక పట్టుకుని వేలాడుతుంది, కాకికి కుదరదు. కాకపోతే పక్కన కాలు ఆనించుకోవడానికి తీగ గానీ కొమ్మ గానీ ఉండకూడదు. నూకలు పచ్చివి పెడితే పొట్టలో ఉబ్బి పిట్టలు చచ్చిపోతాయని ఎవరైనా చెప్తే నమ్మకండి. పొలంలో అవి తినేది పచ్చి ధాన్యమే. ఉప్పు, కారం, నూనె తగిలినవి మాత్రం ఏ పిట్టకీ పెట్టొద్దు. మిగిలిన పులిహోర కూడా అంతే.

పిచ్చుకలకి గూడుపెట్టె తగిలించారేమో మీరు రాయలేదు. తగిలించి ఉంటే దాని కన్నం 32 మిల్లీమీటర్లు మించకూడదు, కన్నం కింద పుల్ల ఉండకూడదు. ఆ పుల్ల పిచ్చుకకి అక్కర్లేదు, కాకికి మాత్రం నిలబడి ముక్కు లోపల పెట్టడానికి పనికొస్తుంది. కాకుల అన్నం ఆ పెట్టెకి వీలైనంత దూరంగా పెట్టండి.

నీళ్ళ మూకుళ్ళు కూడా వేరుచెయ్యాలి. దీని గురించి ఎవరూ చెప్పరు. కాకి గట్టి తిండి ఏది దొరికినా నీళ్ళలో నానబెట్టుకుంటుంది. ఒక ఎండాకాలం మా గోడ మీది తొట్టి దగ్గర ఒక కాకిని చాలాసేపు చూశాను. ఎక్కడినుంచో కర్రలా ఎండిన రొట్టెముక్క తెచ్చింది. తొట్టిలో వేసింది. ఒకసారి ముక్కుతో పొడిచి చూసింది, ఇంకా గట్టిగానే ఉంది. అంచుమీద కూర్చుని రెక్క సవరించుకుంది. మళ్ళీ పొడిచింది. రొట్టెని తిరగేసింది, అచ్చం మనం రస్కు టీలో తిప్పినట్టే. మెత్తబడిన అంచు వరకు కొరికి తిని, మిగతాది మళ్ళీ నీళ్ళలోకి తోసింది. చూడ్డానికి ముచ్చటగా ఉంది. కానీ మర్నాడు ఇలాగే ఒక చేపతల తెచ్చి నానేసింది, మధ్యాహ్నానికి ఆ నీళ్ళు కంపు. ఆ నీళ్ళు పిచ్చుకలు తాగితే రోగాలే. అందుకని కాకులకి గోడ మీద వెడల్పాటి మట్టి తొట్టి, చిన్నపిట్టలకి గంప పక్కన లోతులేని మూకుడు. రెండూ రోజూ పారబోసి తోమండి. వానాకాలంలో గింజల మూకుడు కూడా. తడిసిన చోళ్ళు ఒక్క రోజులో బూజు పడతాయి.

అన్నం ఒకే వేళకి పెట్టమన్నాను కదా, దానికి కారణం ఉంది. కాకులకి మన వీధిలో ఏ ఇంట్లో ఎప్పుడు కంచాలు కడుగుతారో తెలుసు. మా పక్కింటి ఒడియావాళ్ళు ఎండాకాలమంతా మధ్యాహ్నం పఖాళ, అంటే నీళ్ళు పోసిన చద్దన్నం, తింటారు. వాళ్ళు కంచాల నీళ్ళు కాలవ పక్కన పోసే వేళకి కాస్త ముందే నాలుగైదు కాకులు కరెంటు తీగ మీద వరసగా కూర్చుని ఉంటాయి. మీరు రోజంతా పళ్ళెంలో అన్నం ఉంచితే కాకి రోజంతా అక్కడే కాపు కాస్తుంది. పొద్దున్న ఎనిమిదింటికి గుప్పెడు పెట్టి, పది నిమిషాల్లో ఖాళీ అయ్యేలా చూస్తే, తొమ్మిది తర్వాత మీ గోడ పిచ్చుకలది. నా గోడ మీద ఈ అలవాటు కుదరడానికి మూడు వారాలు పట్టింది. మొదటి వారం పన్నెండింటికి కూడా వచ్చి వంటింటి కిటికీ ముందు అరిచేవి. జాలిపడి పెట్టారా, మళ్ళీ మొదటికొస్తుంది.

దీనికి సంబంధించి మన ప్రాంతంలోనే చూడగలిగేది ఒకటి చెప్తాను. కార్తీకమాసంలో మా వీధిలో ఒడియా ఇళ్ళు చాలావరకు నీచు ముట్టవు. వాళ్ళ లెక్కలో ఆ నెల పున్నమితో ముగుస్తుంది. చివరి అయిదు రోజులు, బక పంచకం, కొంగ కూడా చేప తినదంటారు వాళ్ళు. ఆ రోజుల్లో చేపల దుకాణాల దగ్గర వ్యర్థాలు తగ్గిపోయి, నా గోడ మీద కాకుల సంఖ్య పెరుగుతుంది. ఏటా పుస్తకంలో కనిపిస్తుంది ఇది. పున్నమి దాటిన మర్నాడు ఛాడఖాయి. ఊరంతా చేపా మాంసమూ. ఆరోజు పొద్దున్న నా గుప్పెడు అన్నం అలాగే ఎండిపోతుంది, ఒక్కటీ రాదు. మీ ఊళ్ళో కూడా గమనించి చూడండి. కాకుల రాకపోకలు మన పళ్ళెం కన్నా ఊరి తిండిని బట్టి ఎక్కువగా నడుస్తాయి.

ఊరి చెట్లని బట్టి కూడా. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను మా గజపతి జిల్లాని ఎలా ఊడ్చిపెట్టిందో మీకు గుర్తుండే ఉంటుంది. మా వీధి చివర కాకులు రాత్రిళ్ళు పడుకునే పెద్ద రావిచెట్టు కూలిపోయింది. తర్వాత రెండు వారాలు సాయంత్రం పూట కాకులు ఆ ఖాళీ జాగా మీద తిరుగుతూ అరిచేవి. అప్పుడు వేళాపాళా చూడకుండా అన్నం పెట్టాను. పెట్టాల్సిందే.

తరమడం గురించి. సీడీలు వేలాడదీయడం, నల్లగుడ్డ కట్టడం, దిష్టిబొమ్మ, అన్నీ పనిచేస్తాయి, మూడు నాలుగు రోజులు. కొత్త వస్తువంటే కాకికి అనుమానం ఎక్కువ. అది కదలట్లేదు, ఏమీ చెయ్యట్లేదు అని తేల్చుకున్నాక దాని నెత్తినే కూర్చుంటుంది. పైగా ఆ మెరిసే సీడీలకి పిచ్చుకలు కూడా బెదిరి వెళ్ళిపోతాయి. నష్టం పిచ్చుకలకే ఎక్కువ.

రాళ్ళు విసరడం, గన్ను, ఇవి ఇంకా పెద్ద తప్పు. కాకి మనిషి ముఖాన్ని గుర్తుపెట్టుకుంటుంది. అమెరికాలో సియాటిల్‌లోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయం వాళ్ళు 2006లో ఒక రకం మాస్కు తొడుక్కుని కొన్ని కాకుల్ని పట్టి, గుర్తులు కట్టి వదిలేశారు. తర్వాత ఆ మాస్కు వేసుకుని ఎవరు నడిచినా కాకులు వెంటపడి అరిచాయి. ఏళ్ళు గడిచినా మానలేదు, పట్టుబడని కాకులు కూడా మిగతావాటిని చూసి నేర్చుకున్నాయి. అది వేరే జాతి కాకి, నిజమే. మన ఊరకాకి సంగతి నేను చూసింది చెప్తాను. మా వీధి స్తంభం మీద గూడు ఒకటి తీగలకి తగులుతోందని ఒక లైన్‌మన్ వచ్చి తీసేశాడు. ఆయన పని ఆయన చేశాడు, తప్పేం లేదు. ఆ తర్వాత రెండేళ్ళపాటు ఆయన మా వీధిలోకి వస్తే చాలు, కాకులు తీగల మీద చేరి ఒకటే గోల. హెల్మెట్ చూసి అనుకున్నాను మొదట. ఒక ఆదివారం ఆయన మామూలు చొక్కాతో, పిల్లాణ్ణి సైకిల్ మీద ఎక్కించుకుని వెళ్తున్నా అదే గోల. మీ ఆయన ఒక్కసారి గన్ను ఎత్తితే, తర్వాత ఆయన పెరట్లోకి వచ్చిన ప్రతిసారీ ఇదే జరుగుతుంది. ఆ గోల విన్న పిచ్చుకలు అసలు దగ్గరికి రావు.

చట్టం కూడా మారింది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో కాకిని ఎలుకలతో పాటు హానికరమైన జంతువుల జాబితాలో పెట్టారు, కాబట్టి అప్పట్లో చంపినా అడిగేవాళ్ళు లేరు. 2022 సవరణలో ఆ జాబితానే తీసేశారు. 2023 ఏప్రిల్ 1 నుంచి అది అమల్లో ఉంది. ఈ మాట మీ ఆయనకి చెప్పండి.

ఇప్పుడు తల మీద తన్నడం. అత్తగారి మనసు కుదుటపడుతుందంటే శాంతి చేయించుకోండి, దానికీ నేను చెప్పేదానికీ పేచీ లేదు. కానీ కాకి తన్నినందుకు భయపడాల్సిందేమీ లేదు. బట్టల తీగకి చుట్టూ ఇరవై ముప్పై అడుగుల్లో చెట్లు, స్తంభాలు చూడండి. పుల్లలు, ఇనపతీగ ముక్కలు కలిపి కట్టిన గూడు కనిపిస్తుంది. గూడు కనిపించకపోతే నేలమీద చూడండి. రెక్కలొచ్చీరాని పిల్ల ఒకటి కంచె కింద నక్కి ఉంటుంది, నోరు తెరిస్తే లోపల ఎర్రగా ఉంటుంది. దాన్ని దయతలచి ఇంట్లోకి తేకండి. పిల్లి తిరుగుతుంటే మాత్రం గుడ్డతో పట్టుకుని దగ్గర్లోని కొమ్మ మీద కూర్చోబెట్టి వెంటనే వచ్చేయండి. తల్లీతండ్రీ పైనే ఉంటాయి, అవే మేపుకుంటాయి. కొన్నాళ్ళు బట్టలు ఇంటి ముందువైపు ఆరేసుకోండి, లేదా గొడుగు వేసుకుని వెళ్ళండి. కాకి దాదాపు ఎప్పుడూ వెనకనుంచే వస్తుంది. దానివైపు తిరిగి నిలబడితే దగ్గరికి వచ్చినట్టే వచ్చి పక్కకి తప్పుకుంటుంది.

గూడు కనిపిస్తే ఓపిగ్గా చూడండి, అందులో ఉన్నది కాకిపిల్ల కాకపోవచ్చు కూడా. ఫాల్గుణం నుంచి మీ చెట్ల మీద కోకిల కూస్తూనే ఉండి ఉంటుంది కదా. ఆ కూసేది మగది. ఆడది గోధుమరంగు మీద తెల్లచుక్కలతో, వేరే పిట్టేమో అనిపించేలా ఉంటుంది. కాకులు కాస్త పక్కకి తప్పుకోగానే వచ్చి గూట్లో గుడ్డు పెట్టి పోతుంది. కోకిల గుడ్డు కాకి గుడ్డుకన్నా రెండు మూడు రోజులు ముందే పగులుతుంది, ముందు పుట్టినది ముందు తింటుంది. రెండేళ్ళ కిందట మా మునగచెట్టు మీద ఒక కాకి ఇలాంటి చుక్కల పిల్లకి అన్నం పెట్టడం చూశాను. పిల్ల నోరు తెరిచి రెక్కలు టపటపలాడిస్తోంది. కాకి గొంతు తిత్తిలోంచి నా గోడ మీది అన్నమే తీసి దాని నోట్లో కుక్కుతోంది. మనం పెట్టిన గుప్పెడు మెతుకులు కోకిలపిల్ల దాకా వెళ్తున్నాయన్నమాట.

ఒక్క జాగ్రత్త. కాకులు ఒకటికి రెండు చచ్చిపడి కనిపిస్తే చేత్తో ముట్టొద్దు. 2020 చివర, 2021 మొదట్లో రాజస్థాన్, మధ్యప్రదేశ్‌లలో బర్డ్ ఫ్లూ ముందు కాకుల్లోనే బయటపడింది. పశువైద్యశాలకి కబురు చెయ్యండి, పళ్ళాలు, తొట్లు కడిగి లోపల పెట్టేయండి, కొన్నాళ్ళు తిండి పెట్టడం ఆపండి. అలాగే ఒక్క కాకి చచ్చినా మిగతావి చుట్టూ చేరి గంటసేపు అరుస్తాయి. అది చూసి కంగారుపడకండి, కాకుల పద్ధతే అది.

కోళ్ళగంప పెట్టాక వెంటనే పిచ్చుకలు రాకపోతే గంప తీసేయకండి. మా ఇంట్లో మొదటి పిచ్చుక, ఒక మగది, బద్ద మీద కూర్చుని లోపలికి తొంగిచూసి ఎగిరిపోవడం ఆరోరోజు రాసుకున్నాను. అది లోపలికి దూరింది తొమ్మిదోరోజు. పదోరోజు నాలుగొచ్చాయి. మీరు రెండు వారాలు ఆగండి, ఈలోగా పొద్దున్న ఎనిమిదింటి అన్నం మాత్రం తప్పనివ్వకండి. దాని సంగతి మీ అత్తగారికి అప్పగించండి, ఆవిడ మర్చిపోరు.